మాజినీ: ‘పాత్రియా’ పదమునకు వెడల్పు

ఇటలీ భాషలో స్వదేశమునకు ‘పాత్రియా’ యని పేరు. తండ్రి యను నర్థముగల లాటిన్ శబ్దము ‘పాతెర్’ దీనికి మూలము. అదియు, సంస్కృతములోని ‘పితృ’ శబ్దమును ఒక్క వంశమున పుట్టినవే. మనము మాతృభూమి యనుచోట వారు పితృభూమి యందురు. అయినను వారి వ్యాకరణమున నా పదము స్త్రీలింగమే. పూర్వము దాని పరిధి స్వల్పము. మధ్యయుగపు ఇటలీ వాసికి తాను పుట్టిన నగరమే తరచుగా పాత్రియా. 1302లో బహిష్కృతుడైన మహాకవి డాంటే తుదివరకు పరితపించినది ఫ్లారెన్సు నగరమునకై. ఆ పదమును ఇటలీ యంతటికిని విస్తరింపజేయుటకు జీవితమును ధారపోసినవారిలో అగ్రగణ్యుడు జుసెప్పే మాజినీ.

అతడు 1805 జూన్ 22న జెనోవా నగరమున నొక వైద్యునికి జన్మించెను. ఇటలీ నాడు పెక్కు రాజ్యములుగా చీలియుండెను. న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండగనే అతడు వ్రాసిన తొలి సాహిత్య వ్యాసము డాంటే దేశభక్తిని గూర్చినదే. 1830లో రహస్య సంఘ సభ్యుడని పట్టి సవోనా కోటలో బంధించిరి. పిదప చిన్న యూరిలో నిర్బంధమో, దేశాంతరవాసమో కోరుకొమ్మనగా దేశాంతరమునే కోరుకొనెను. 1831లో మార్సేల్సు నగరమున ‘యువ ఇటలీ’ సంఘమును స్థాపించెను.

1833లో కుట్ర బయటపడెను. ప్రాణమిత్రుడు యాకోపో రుఫీనీ చెరసాలలో ఆత్మహత్య చేసికొనెను. మాజినీకి పరోక్షముననే మరణదండన విధింపబడెను. తన పిలుపు విని యువకులు ప్రాణములు కోల్పోవుట న్యాయమేనా యను సంశయము అతనిని చిరకాలము దహించెను.

1837లో లండను చేరి, దారిద్ర్యములో నుండియు, వీధులలో వాద్యములు త్రిప్పుచు బ్రదుకు ఇటలీ బాలురకు 1841లో ఉచిత పాఠశాల తెరచెను. అచట చదువుతోపాటు ఇటలీ చరిత్రయు బోధింపబడెను. 1849లో రోము గణతంత్రమును పాలించిన త్రిమూర్తులలో నొకడయ్యెను. కొలది నెలలకే ఫ్రెంచి సైన్యము దానిని కూలద్రోసెను. 1860లో ప్రకటించిన మానవధర్మ గ్రంథమున మానవజాతి యెడల కర్తవ్యమును స్వదేశ కర్తవ్యమునకు ముందుంచెను.

1861లో ఇటలీ రాజ్యమేర్పడెను. కాని అతడు కోరినది రాజు లేని ఇటలీ. 1866లో మెస్సీనా ప్రజలు శాసనసభకు ఎన్నుకొన్నను, పాత మరణశిక్షను చూపి సభ ఆ యెన్నికను రద్దుచేసెను. 1870లో మరల చెర. తుదకు బ్రౌన్ అను ఆంగ్లనామముతో స్వదేశమున ప్రవేశించి, 1872 మార్చి 10న పీసా నగరమున, ఆ మారుపేరుతోనే కన్నుమూసెను. అతడు కోరిన గణతంత్రము 1946లో వచ్చెను. పాత్రియా యన్నచో ఇటలీ సమస్తమని దేశమునకు నేర్పినవానికి, ఆ పాత్రియాలో తన పేరుతో మరణించు భాగ్యము కలుగలేదు.