నాణెములు ప్రోగుచేసిన నరపతి

ప్రతి నాణెమునకును బొమ్మయు బొరుసును కలవు. కొందరి జీవితములును అట్టివే. ఒకవైపు చూచినవారు మెచ్చుకొందురు. త్రిప్పి చూచినవారు నొచ్చుకొందురు. ఇటలీ దేశమును 45 సంవత్సరములకు పైగా ఏలిన మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ జీవితము అట్టిది.

ఆయన 1869 నవంబరు 11వ తేదీన నేపుల్స్ నగరమున జన్మించెను. అంబర్టో, మార్గరీటా దంపతులకు ఏకైక సంతానము. సవాయ్ రాజవంశము యుద్ధవీరులకు పేరుగాంచినది. ఈ బాలుడు మాత్రము బలహీనుడు. పెరిగి పెద్దవాడైన పిదపను ఎత్తు సుమారు ఐదడుగులే. ఒసియో అను సైనికాధికారి గురువై కఠినమైన క్రమశిక్షణలో పెంచెను. ఆటపాటలకు తావులేని ఆ బాల్యములో ఒకనాడు ఆయనను సాకుచుండిన స్త్రీ తొమ్మిదవ పయస్ పోపు కాలపు చిన్న నాణెమొకటి చేతిలో పెట్టినది. దాని విలువ స్వల్పము. కాని ఆ బాలుని మనస్సు దానియందే లగ్నమయ్యెను. ఆనాడు మొదలైన సేకరణ జీవితాంతము విడువని వ్రతమైనది.

1896లో మాంటినీగ్రో రాజకుమారి ఎలీనాను ఆయన వివాహమాడెను. 1900 జూలై 29వ తేదీన మోంజా పట్టణమున అంబర్టో రాజు హంతకుని గుండ్లకు బలియయ్యెను. ఆ సమయమున సముద్రయానములో నున్న కుమారుడు తిరిగివచ్చి రాజ్యభారము వహించెను. ఆడంబరము ఆయనకు గిట్టదు. 1908 డిసెంబరులో మెస్సీనా భూకంపము సంభవింపగా రాజదంపతులు స్వయముగా వెళ్లి బాధితులను పరామర్శించిరి. మొదటి ప్రపంచయుద్ధములో ఆయన ఎక్కువ కాలము యుద్ధరంగమునకు చేరువనే గడపెను.

రాచకార్యములు ముగిసిన పిదప ఆయన తన నాణెముల చెంతకు చేరుచుండెను. రోమక సామ్రాజ్యము పతనమైన తరువాత ఇటలీలో వందలకొలది సంస్థానములు, నగరములు, పోపులు, ప్రభువులు ఎవరికివారు టంకశాలలు నెలకొల్పుకొనిరి. ఆ నాణెములనన్నిటిని ఒకచోట చేర్చి వర్ణింపవలెనని ఆయన సంకల్పము. సేకరణ లక్ష నాణెములను మించెను. పండితుల తోడ్పాటుతో 'కోర్పస్ నుమ్మోరుమ్ ఇటాలికోరుమ్' అను బృహత్సూచిక తొలి సంపుటము 1910లో వెలువడెను. అది తన వంశమువారి నాణెములకు సంబంధించినది. 1943 నాటికి 20 సంపుటములు వచ్చినవి. చివరి రెండును ఆయన పుట్టిన నేపుల్స్ నగరపు నాణెములను గూర్చినవి. గ్రంథము సంపూర్ణము కాకపోయినను నేటికిని నాణెశాస్త్రజ్ఞులకు అది ఆధారగ్రంథమే.

పాత నాణెములను వెదకిన ఈ రాజు పేర క్రొత్త స్మారకనాణెములును వెలువడినవి. ఇటలీ రాజ్యము ఏర్పడి 50 సంవత్సరములు నిండిన 1911లో కంచు, వెండి, బంగారములతో ఉత్సవనాణెములు ముద్రించిరి. 1925లో ఆయన పాలనకు 25 సంవత్సరములు నిండినప్పుడు 100 లీరాల బంగారునాణెము వెలసినది. దానిపై జెండా పట్టి శిలపై మోకరించిన పురుషుని బొమ్మ కలదు. క్రింద నున్న పేరు ఇటలీ ఉత్తరపుటెల్లయందలి శిఖరముది. యుద్ధవిజయమున లభించిన భూభాగమునకు అది గుర్తు. ముద్రించినవి 5,000 మాత్రమే. ఇట్టివి సంతలో చేతులు మారుటకు కాక పెట్టెలలో దాచుకొనుటకే పుట్టినవి. కనుకనే సేకర్తలకు ప్రీతిపాత్రములు.

ఇక రెండవ వైపు. 1922 అక్టోబరులో ముస్సోలినీ అనుచరులు రోము నగరముపైకి నడచి వచ్చిరి. సైనికశాసనము విధింపుడని మంత్రులు పత్రము తెచ్చిరి. రాజు సంతకము చేయలేదు. పైగా ముస్సోలినీనే ప్రధానిగా నియమించెను. మరుసటి సంవత్సరమే బంగారునాణెములపై, ఒకవైపు రాజు శిరస్సు, వేరొకవైపు ఫాసిస్టుల గుర్తైన గొడ్డలి చెక్కిన బెత్తముల కట్ట ప్రత్యక్షమైనవి. నాణెములను చదువనేర్చిన ఆయనకు ఆ బొమ్మల అర్థము తెలియకపోదు. 1936లో ఇథియోపియా చక్రవర్తి, 1939లో అల్బేనియా రాజు అను బిరుదులు చేరినవి. 1938లో యూదులకు వ్యతిరేకమైన జాతిశాసనములు వచ్చినవి. ఆనాడు పట్టిన కలము వెనుకాడలేదు. వానిపై ఆయన సంతకము నిలిచియున్నది.

1943 జూలై 25వ తేదీన ఆయన ముస్సోలినీని పదవినుండి తొలగించెను. అది చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట. సెప్టెంబరు 8న సంధి ప్రకటింపబడెను. మరునాటి తెల్లవారుజామున రాజు రోము విడిచి దక్షిణమునకు తరలిపోయెను. స్పష్టమైన ఆజ్ఞలు లేని లక్షల సైనికులు జర్మనుల చేత చిక్కిరి. ప్రజలు దానిని మరువలేదు.

1946 మే 9వ తేదీన ఆయన కుమారునికై సింహాసనము వదలుకొని ఈజిప్టునకు పోయెను. ఆనాడే తన నాణెసంపదలో అధికభాగమును ఇటలీ ప్రజలకు అప్పగించెను. జూన్ 2న ఆ ప్రజలు రాజరికమునే తొలగించిరి. 1947 డిసెంబరు 28న అలెగ్జాండ్రియాలో ఆయన కన్నుమూసెను. 70 సంవత్సరముల పిదప, 2017లో, అస్థికలు స్వదేశము చేరినవి. అప్పుడును నిరసనలు రేగినవి. నాణెములు మాత్రము రోము నగరపు జాతీయ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

అరిగిపోయిన రాగిబిళ్ళపై అక్షరములను గుర్తింపగల చూపు ఆయనకుండెను. కన్నులయెదుట జరుగుచున్న అన్యాయమును కాదనగల తెగువ లేకపోయెను. గతమును ఎంత శ్రద్ధగా అభ్యసించినను, వర్తమానమున నిలువవలసినచోట నిలువనిచో ఆ విద్య పెట్టెలోని నాణెము వంటిది. మెరయును గాని చెల్లదు. చరిత్ర చదువు విద్యార్థి ఈ రాజు జీవితమును రెండువైపులను త్రిప్పి చూడవలెను.