బాబాసాహెబ్‌కు శరణాలిచ్చిన భంతే: కుశినగర్ చంద్రమణి మహాస్థవిర



1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ బౌద్ధం స్వీకరించారు. ఇది మీకందరికీ తెలుసు. 22 ప్రతిజ్ఞలు పిల్లలచేత కూడా చెప్పిస్తున్నాం. మరి ఆ రోజు బాబాసాహెబ్‌కు, సవితా మాయికి త్రిశరణ పంచశీలాలు ఇచ్చిందెవరు? ఈ ప్రశ్న వేస్తే మనోళ్ళల్లో చాలామంది తడుముకుంటారు. దీక్ష నాటి ఫోటోలు చూడండి. చీవరాలు ధరించిన భిక్షువులలో ఎనభై ఏళ్ళ ముసలాయన ఒకరుంటారు. ఆయనే చంద్రమణి మహాస్థవిర. ఆయన్ని తెలుసుకోవాలంటే ముందు ఆయన ఊరి సంగతి చెప్పుకోవాలి.

భగవాన్ బుద్ధుడు మహాపరినిర్వాణం పొందింది హిరణ్యవతి ఒడ్డున, మల్లుల కుశినారాలో. అప్పటికే అదొక చిన్న ఊరు. మట్టిగోడల ఇంత పల్లెలో ఎందుకు భగవాన్, రాజగృహం, శ్రావస్తి లాంటి మహానగరాలున్నాయి కదా అని ఆనందుడు బాధపడ్డాడు. బుద్ధుడు ఊరు మార్చుకోలేదు. తర్వాత వందల ఏళ్ళు అక్కడ విహారాలు వెలిశాయి, భిక్షువులు నివసించారు. ఆ తర్వాత అన్నీ కూలి, అడవి కమ్మేసింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు మిగిలింది మట్టి దిబ్బలు. బుద్ధుని దహనం జరిగిన స్థూపం రామాభార్ దిబ్బ అయింది. ఒక బుద్ధ విగ్రహం మాథా కున్వర్ అనే పేరుతో పూజలందుకుంది. అది ఎవరి విగ్రహమో మొక్కేవాళ్ళకే తెలియదు. ఒక జాతి చరిత్రను చెరిపేస్తే ఇలాగే ఉంటుంది మరి.

1876లో కార్లైల్ అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఇరవై అడుగుల శయన బుద్ధుని విగ్రహం ముక్కలుగా బయటపడింది. ఆయన ఆ ముక్కలన్నీ కూర్చి నిలబెట్టాడు. సరిగ్గా అదే ఏడు బర్మాలో అరకాన్ ప్రాంతంలో చంద్రమణి పుట్టారు. ఇది కాకతాళీయమే, దీంట్లో మహిమలు వెతక్కండి.

పదిహేనేళ్ళు దాటాయో లేదో, శ్రామణేరుడుగా భారతదేశం వచ్చారు. ఆనాటికి ఈ దేశంలో భిక్షువును గుర్తుపట్టేవాడే లేడు. అన్నం పెట్టేవాడు అంతకన్నా లేడు. కుశినగర్‌లో అప్పటికే మహావీర భిక్షువు ఉండేవారు. ఆయన బీహారు మనిషి, ఒకప్పటి పహిల్వాను, సింహళంలో చీవరం ధరించి వచ్చారు. చంద్రమణి ఆయనతో కలిశారు. బర్మా దాతల సాయంతో అక్కడ విహారం లేచింది. 1919లో మహావీర భంతే పోయాక భారమంతా చంద్రమణి మీదే పడింది.

ఆయన ఏం చేశారు? భాష నేర్చుకున్నారు. పల్లె పిల్లలకు బడి పెట్టారు. బుద్ధ పూర్ణిమను ఊరి పండుగగా చేశారు. భిక్షువంటే విహారంలో కూర్చుని దానాలు తీసుకునేవాడు కాదు, జనానికి సేవ చేసేవాడు అని తర్వాత బాబాసాహెబ్ గట్టిగా వాదించారు. ఆయన భిక్షువుల్ని ఎంత కఠినంగా విమర్శించేవారో మీకు తెలిసిందే. ఆ మాట దాటి నిలబడగలిగిన కొద్దిమందిలో చంద్రమణి ఒకరని నా అభిప్రాయం.

ఇంకో పని చేశారు. నా దృష్టిలో ఇది అంతకన్నా పెద్దది. సరిహద్దు అవతల నేపాల్‌లో రాణాల పాలన. అక్కడ హిందువుగా పుట్టినవాడు బౌద్ధుడు కావడం నేరం. 1926లో అలా మతం మారి చీవరం కట్టిన మహాప్రజ్ఞను, తోటి భిక్షువులను దేశంలోంచి తరిమేశారు. 1944లో ఇంకో ఎనిమిది మందిని వెళ్ళగొట్టారు. శీలాలివ్వం, ధర్మం చెప్పం అని రాసిమ్మంటే వాళ్ళు రాయలేదు, అదీ వాళ్ళ నేరం! ఇలాంటి వాళ్ళకు నీడ దొరికింది కుశినగర్‌లోనే. మహాప్రజ్ఞకు, అమృతానందకు థేరవాద చీవరం ఇచ్చింది చంద్రమణి భంతేనే. 1944లోనే సారనాథ్‌లో ధర్మోదయ సభ పుట్టింది. దానికి అధ్యక్షుడు ఆయన, కార్యదర్శి అమృతానంద.

ఇప్పుడు నాగపూర్‌కు రండి. బాబాసాహెబ్ దీక్ష కోసం దేశంలో అందరికన్నా పెద్ద భిక్షువును పిలిచారు. విదేశీ భిక్షువు చేతిలో దీక్షేమిటని కొందరు అంటుంటారు. అరవై ఏళ్ళకు పైగా ఈ మట్టిలో బతికి, ఈ పిల్లలకు చదువు చెప్పిన మనిషి విదేశీయుడా? వేల ఏళ్ళుగా ఇక్కడే ఉండి మనల్ని ఊరి బయట పెట్టినవాళ్ళు స్వదేశీయులా? మీరే చెప్పండి. ఆ ఉదయం చంద్రమణి పాలీలో శరణాలు చెబుతుంటే బాబాసాహెబ్ దంపతులు అనుసరించారు. బుద్ధ ప్రతిమకు మూడుసార్లు వంగి నమస్కరించారు. ఆ తర్వాత లక్షల జనానికి దీక్ష ఇచ్చింది మాత్రం భిక్షువు కాదు, బాబాసాహెబే. ఒక ఉపాసకుడు దీక్ష ఇవ్వడం పాత సంప్రదాయానికి కొత్త. చంద్రమణి భంతే అక్కడే ఉన్నారు.

నెల తిరిగేసరికి బాబాసాహెబ్ కాఠ్మాండు వెళ్ళారు, ప్రపంచ బౌద్ధ మహాసభకు. దాన్ని ఏర్పాటు చేసింది ఆ ధర్మోదయ సభే. ఒకనాడు వెళ్ళగొట్టబడ్డ భిక్షువులు అతిథులకు స్వాగతం పలికారు. తిరుగు ప్రయాణంలో బాబాసాహెబ్ సారనాథ్, కుశినగర్ చూశారు. బుద్ధుడు కన్నుమూసిన చోట నిలబడ్డారు. నవంబరు చివర్లో ఢిల్లీ చేరారు. డిసెంబరు 6న మనకు దూరమయ్యారు.

చంద్రమణి భంతే ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు కుశినగర్‌లోనే గడిపి, 1972లో అక్కడే కన్నుమూశారు. గోరఖ్‌పూర్ నుంచి బస్సులో యాభై కిలోమీటర్లు. మీరు వెళితే శయన బుద్ధుణ్ణి చూసి వెనక్కి తిరిగేయకండి, బర్మా విహారం కూడా చూడండి.