కాగితం మీద పారిన మూసీ

సెప్టెంబరు 15న పటానికి దండ వేసి అందరం ఆనకట్టల సంగతే మాట్లాడతాం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితంలో నాకు నచ్చింది మాత్రం ఒక లెక్క.

పూర్వీకులది తెలుగునాటి మోక్షగుండం. ఆయన పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్లిలో. పూనాలో ఇంజనీరింగు చదివి బొంబాయి ప్రభుత్వంలో కొలువు చేశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు మునిగింది. వేల మంది పోయారు. మరుసటి ఏడు నిజాం సర్కారు పిలుపు మీద ఆయన వచ్చారు. వస్తూనే గోడలు లేపలేదు. ఎక్కడెంత వాన పడింది, ఎంత నేల నీరు నదిలోకి దిగుతుంది, ఎగువన ఎన్ని చెరువులున్నాయి అని లెక్క తీశారు. 788 చెరువులు తేలాయి, అందులో 221 తెగినయి! మా గూడూరు దిక్కు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మీది చెరువు కట్ట తెగితే ఆ నీళ్లను కింది చెరువు మత్తడి మోయలేదు, అదీ తెగుతుంది. పట్నాన్ని ముంచింది ఒక్క నది కాదు, ఈ గొలుసు. నదినంతా ఇట్లా కాగితం మీద పారించి చూసినాకే, వరదను పట్నానికి ఎగువనే ఆపాలని తేల్చారు. ఇప్పుడు కంప్యూటరులో మోడల్ కట్టి చేసే పని ఇదే గదా. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి ఎగువ కుంటల లెక్క మళ్లీ ఎవరు తీస్తారో!

తరువాత 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉన్నారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962లో కన్నుమూశారు.