ఒక బాలుడి వెనుక ఎన్ని చేతులో!

ఐదేళ్ల పసివాడికి ఒక ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోయింది. అలాంటి బిడ్డను చూసి బెంగపడని తల్లిదండ్రులుంటారా? పైగా ఆ బాలుడు మనసు పడింది రెండు కళ్లున్నవారికే కష్టమనిపించే వాద్యం మీద. పైపు ఆర్గాన్ ముందు కూర్చున్నవాడి చేతులు ఒకదానిపై ఒకటిగా ఉన్న మెట్ల వరుసల మీద ఆడుతుండాలి. అదే సమయంలో పాదాలు కింద ఉన్న చెక్క పెడల్స్ మీద మరో స్వరాన్ని పలికించాలి. ఎదురుగా ఉన్న సంగీత ప్రతిని చదువుతూ, పక్కనున్న స్టాప్‌లను లాగుతూ, నెడుతూ, క్వయర్ ఎక్కడ పాడుతోందో, పాదిరిగారు ఎక్కడ ఆపారో కనిపెడుతూ ఉండాలి. ఒంటి కంటితో ఇదంతా సాధ్యమా? సాధ్యమేనని నిరూపించిన ఆ బాలుడే సర్ జాన్ స్టేనర్. క్రిస్మస్ రోజుల్లో ప్రపంచమంతటా వినిపించే ‘ది ఫస్ట్ నోయెల్’ పాటను క్వయర్లు ఎక్కువగా పాడేది ఆయన కూర్చిన స్వరాలతోనే. పాట తెలిసిన కోట్లాదిమందికి ఆయన పేరు తెలియదు. ఆయన వెనుక నిలబడినవారి పేర్లు తెలిసినవారు ఇంకా తక్కువ. ఆయన కథలో మనం నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది.

జాన్ స్టేనర్ 1840 జూన్ 6న లండన్‌లోని సదర్క్‌లో పుట్టాడు. తండ్రి విలియం చెక్క సామాను చేసే పనివాడు. ఆ తర్వాత పేటలోని చర్చి బడిలో పంతులయ్యాడు. ధనవంతుల ఇల్లు కాదు కానీ, సంగీతానికి లోటులేని ఇల్లు. ఇంట్లోనే ఒక చిన్న ఆర్గాన్ ఉండేది. తండ్రి దగ్గర వేళ్లు కదపడం నేర్చిన ఆ బాలుడు ఏడేళ్ల వయసులోనే బాఖ్ రాసిన ఒక ఫ్యూగ్‌ను వాయించాడు. ఫ్యూగ్ అంటే ఒకే రాగఖండాన్ని అనేక స్వరాలు ఒకదాని వెంట ఒకటి అందుకునే క్లిష్టమైన రచన. పెద్దవాళ్లు కూడా తడబడే ఆ రచన పసివాడి చేతుల్లో పలికింది. దేవుడిచ్చిన వరం ఆ బాలుడిలో ఉందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కానీ వరం ఉన్నంత మాత్రాన సరిపోతుందా? విత్తనానికి నేల కావాలి, నీళ్లు కావాలి, కంచె కూడా కావాలి.

స్టేనర్‌కు దొరికిన నేల లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్. 1840ల చివర ఆయన అక్కడి క్వయర్ బాలుడయ్యాడు. కెథెడ్రల్ అంటే ఆదివారం మాత్రమే తలుపులు తెరిచే చోటు కాదు. అక్కడ ప్రతిరోజూ ఆరాధన జరుగుతుంది, కీర్తనలు పాడతారు. దావీదు కీర్తనలన్నీ వరుసగా నెలకోసారి పూర్తయ్యే క్రమం అది. ఆ క్రమంలో పెరిగిన బాలుడికి సంగీతం వేరు, ప్రార్థన వేరు కాదు. స్వరం, వాక్యం కలిసే ఒంటబట్టాయి. 1852 నవంబరులో వెల్లింగ్టన్ ప్రభువు అంత్యక్రియల ఆరాధన ఆ కెథెడ్రల్‌లోనే జరిగింది. దేశమంతా తరలివచ్చినట్టున్న ఆ సభలో పాడిన గొంతుల్లో పన్నెండేళ్ల స్టేనర్ గొంతు కూడా ఉంది. రాజుగారి చాపెల్ క్వయర్‌లో పాడే ఆర్థర్ సల్లివన్ ఆయనకు బాల్యమిత్రుడయ్యాడు. ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’ పాటకు 1871లో రాగం కట్టింది ఆ సల్లివనే.

అయితే ఆనాటి సెయింట్ పాల్స్‌లో పైకి కనిపించే వైభవం వేరు, లోపలి పరిస్థితి వేరు. బాలల గొంతు కావాలి కానీ, బాలల బాగోగులు ఎవరికీ పట్టేవి కావు. ఈ సంగతిని మొదట బయటపెట్టింది ఒక సామాన్య విశ్వాసురాలు. ఆమె పేరు మరియా హాకెట్. 1810లో తన బంధువుల పిల్లవాడొకడు సెయింట్ పాల్స్ క్వయర్‌లో చేరితే, వాడి చదువు సంగతేమిటని ఆరా తీసింది. తెలిసిన విషయాలు ఆమెను కలచివేశాయి. పిల్లలకు సరైన చదువు లేదు. రాత్రిపూట కచేరీలలో పాడించడానికి వాళ్లను అద్దెకు పంపుతున్నారు. కచేరీ ముగిశాక ఆ పసివాళ్లు చీకట్లో ఎలా ఇల్లు చేరతారన్న చింత ఎవరికీ లేదు.

మరియాకు పదవి లేదు, అధికారం లేదు. ఆ రోజుల్లో చర్చి సభల్లో స్త్రీల మాటకు విలువా లేదు. ఆమె చేతిలో ఉన్నది కలం ఒక్కటే. డీన్‌కు, బిషప్‌కు ఉత్తరాలు రాసింది. జవాబు రాకపోతే మళ్లీ రాసింది. పాత దస్తావేజులు తిరగేసి, పూర్వం భక్తులు ఈ బాలల పోషణకు, చదువుకు మాన్యాలు రాసిచ్చారని రుజువు చేసింది. సెయింట్ పాల్స్‌తో ఆగలేదు. దేశంలోని కెథెడ్రల్‌లన్నీ తిరిగి, ప్రతిచోటా క్వయర్ బాలురను స్వయంగా పలకరించింది. వెళ్లినప్పుడల్లా పిల్లలకు ఒక పుస్తకం, చిన్న సంచిలో మెరిసే కొత్త షిల్లింగు కాసు ఇచ్చేది. అలా అరవై ఏళ్లకు పైగా సాగించింది. క్వయర్ పిల్లల స్నేహితురాలని ఆమెకు పేరొచ్చింది.

ఆ స్నేహితురాలి కన్ను జాన్ స్టేనర్ మీద పడింది. బాలుడి గొంతు ఎన్నాళ్లో ఉండదు. మీసాలు మొలిచే వయసుకు అది మారిపోతుంది. అప్పటిదాకా దేవదూతలా పాడాడని మెచ్చుకున్నవాళ్లే ఆ తర్వాత వాడెక్కడున్నాడో కూడా అడగరు. క్వయర్ బాలుడి జీవితంలో అసలైన గండం అదే. మరియా హాకెట్ ఆ గండాన్ని ముందే పసిగట్టింది. తన సొంత డబ్బుతో స్టేనర్‌కు ఆర్గాన్ పాఠాలు చెప్పించింది. గురువు జార్జ్ కూపర్. సెయింట్ పాల్స్‌లో సహాయ ఆర్గనిస్టుగా, దగ్గరలోని సెయింట్ సెపల్కర్ చర్చిలో ఆర్గనిస్టుగా ఆయన పనిచేసేవాడు. బాఖ్ ఆర్గాన్ రచనలు వాయించాలంటే పాదాలు కూడా చేతులంత చురుగ్గా కదలాలి. ఇంగ్లండులో అప్పటికి ఆ విద్య తెలిసినవారు తక్కువ. ఆ కొద్దిమందిలో కూపర్ ఒకడు. ఆయన దగ్గర స్టేనర్ పాదాలతో పాడటం నేర్చుకున్నాడు.

కెథెడ్రల్ ప్రధాన ఆర్గనిస్టు జాన్ గాస్. ఆయన గురువు థామస్ ఆట్‌వుడ్ కూడా సెయింట్ పాల్స్ ఆర్గనిస్టే. ఆట్‌వుడ్ యవ్వనంలో వియన్నా వెళ్లి సాక్షాత్తు మొజార్ట్ వద్ద శిష్యరికం చేశాడు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చిన దీపం అది. గాస్ అందుబాటులో లేని రోజుల్లో ఆరాధనకు ఆర్గాన్ వాయించే బాధ్యతను కుర్రవాడైన స్టేనర్‌కు అప్పగించేవారు. పద్నాలుగు, పదిహేనేళ్ల ప్రాయంలోనే దగ్గరలోని ఒక చిన్న చర్చికి ఆయన ఆర్గనిస్టు కూడా అయ్యాడు. ఆలోచించండి, అంత పెద్ద కెథెడ్రల్‌లో ఒక కుర్రవాడిని ఆ పీట మీద కూర్చోబెట్టడానికి పెద్దలకు ఎంత ధైర్యం కావాలి! తప్పు వాయిస్తే నలుగురిలో నవ్వులపాలయ్యేది వాళ్లే. కానీ ఒడ్డున నిలబెట్టి ఎవరికీ ఈత నేర్పలేం కదా.

అలా ఒకరోజు స్టేనర్ వాయిస్తుండగా విన్నవాడు సర్ ఫ్రెడరిక్ ఔస్లీ. ఆయన సంపన్న వంశీకుడు, పాదిరి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడు. కెథెడ్రల్‌లలో ఆరాధనా సంగీతం దిగజారిపోతోందని బాధపడి, మాటలతో సరిపెట్టకుండా తన ఆస్తిని వెచ్చించి టెన్‌బరీ అనే చోట సెయింట్ మైకేల్స్ కాలేజీని కట్టించాడు. 1856లో ప్రారంభమైన ఆ కాలేజీలో పిల్లలు చదువుకుంటూ, ప్రతిరోజూ ఆరాధనలో పాడుతూ పెరిగేవారు. దానికి ఆర్గనిస్టుగా ఔస్లీ ఎంచుకున్నది పదహారేళ్ల స్టేనర్‌ను! 1857 నుంచి 1859 వరకు స్టేనర్ అక్కడే ఉన్నాడు. పగలు పిల్లల మధ్య పని, మిగిలిన వేళల్లో ఔస్లీ సేకరించిన పాత సంగీత ప్రతుల మధ్య చదువు. నేర్చుకుంటూ నేర్పడం, నేర్పుతూ నేర్చుకోవడం అక్కడే అలవడింది. 1859లో ఆక్స్‌ఫర్డ్ నుంచి సంగీతంలో పట్టా పొందాడు. 1860లో, ఇంకా ఇరవై నిండకముందే, ఆక్స్‌ఫర్డ్ మాడ్లిన్ కాలేజీకి ఆర్గనిస్టయ్యాడు.

1872లో జాన్ గాస్ విరమించుకుంటే సెయింట్ పాల్స్ పెద్దలు స్టేనర్‌ను పిలిచారు. బాలుడిగా పాడిన చోటికే ప్రధాన ఆర్గనిస్టుగా తిరిగొచ్చాడు. అక్కడ ఆయనకు స్వాగతం పలికింది నీరసించిన క్వయర్. పెద్ద గాయకులు ఇష్టమైతే వచ్చేవారు, లేకపోతే తమకు బదులు ఎవరినో పంపేవారు. గొంతులు తక్కువ, సాధన ఇంకా తక్కువ. స్టేనర్ కోపంతో కాక ఓర్పుతో పని మొదలుపెట్టాడు. సాధనకు, హాజరుకు క్రమం తెచ్చాడు. క్వయర్‌ను పెంచాడు. 1873 పరిశుద్ధ వారంలో బాఖ్ రచించిన ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను కెథెడ్రల్ ఆరాధనలో వినిపించాడు. కొద్ది సంవత్సరాల్లో ఆ క్వయర్ దేశంలోని చర్చిలకే ఆదర్శమైంది.

వీటన్నిటికన్నా గొప్ప పని ఇంకొకటి జరిగింది. కెథెడ్రల్ పక్కనే కార్టర్ లేన్‌లో క్వయర్ బాలురు ఉండటానికి, చదువుకోవడానికి కొత్త బడి లేచింది. 1875లో అది సిద్ధమైంది. మరియా హాకెట్ అరవై ఏళ్లుగా అడుగుతూ వచ్చింది దానికోసమే. ఆమె 1874 నవంబరులో, 90 ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించింది. బడి పూర్తికావడం చూడకపోయినా, అది వస్తోందని తెలుసుకునే వెళ్లింది. ఏ పిల్లవాడికి ఫీజు కట్టి ఆర్గాన్ నేర్పించిందో, ఆ పిల్లవాడే పెద్దవాడై ఆమె కల నెరవేరే రోజున ఆ పిల్లల సంగీతానికి పెద్దదిక్కుగా ఉన్నాడు. దేవుని లెక్కల్లో పొరపాట్లుండవు.

1875లోనే స్టేనర్‌కు మరో పరీక్ష ఎదురైంది. ఆడుతుండగా బంతి తగిలి, మిగిలిన ఒక్క కంటికీ ముప్పు వచ్చింది. కొంతకాలం విశ్రాంతి తీసుకుని, కోలుకుని మళ్లీ ఆర్గాన్ ముందు కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి రోజూ అరువు తెచ్చుకున్న వెలుగే అయినా, ఆయన చేతులు ఆగలేదు. ఆర్గాన్ నేర్చుకునేవారి కోసం తేలికైన పాఠ్యపుస్తకం రాశాడు. శిష్యులను తయారుచేశాడు. వారిలో ఒకడైన విలియం హాడ్జ్ లండన్‌లోని మారిల్‌బోన్ చర్చిలో ఆర్గనిస్టు. ఆ చర్చి క్వయర్ కోసం స్టేనర్ ‘ది క్రూసిఫిక్షన్’ రచించాడు. 1887 ఫిబ్రవరి 24న, భస్మ బుధవారం మరునాడు, దాన్ని మొదటిసారి పాడారు. పెద్ద వాద్యబృందం అక్కర్లేదు. ఇద్దరు గాయకులు, ఒక మామూలు క్వయర్, ఆర్గాన్ ఉంటే చాలు. మధ్యమధ్యలో సంఘమంతా లేచి పాడే కీర్తనలూ ఉన్నాయి. సంగీత పండితులు కొందరు పెదవి విరిచారు. కానీ పెద్ద కెథెడ్రల్ భాగ్యం లేని చిన్న చిన్న సంఘాలు క్రీస్తు శ్రమలను తమ గొంతుతో తామే పాడుకునే అవకాశం దొరికింది. వందేళ్లు దాటినా శ్రమల దినాల్లో దాన్ని పాడే చర్చిలున్నాయి.

కంటిచూపు మరింత తగ్గడంతో 1888లో స్టేనర్ సెయింట్ పాల్స్ బాధ్యత వదులుకున్నాడు. అదే సంవత్సరం విక్టోరియా రాణి ఆయనకు సర్ బిరుదునిచ్చింది. ఆయన స్థానంలోకి వచ్చింది ఆయన శిష్యుడే, జార్జ్ మార్టిన్. దీపం మళ్లీ చేతులు మారింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో, ఒకప్పుడు ఔస్లీ కూర్చున్న సంగీతాచార్య పీఠంలో స్టేనర్ కూర్చున్నాడు. 1901 మార్చి 31, మట్టల ఆదివారం నాడు ఇటలీలోని వెరోనాలో కన్నుమూశాడు. యెరూషలేములో పిల్లలు హోసన్నా పాడిన వారంలోనే, పిల్లలకు పాట నేర్పిన ఆ సేవకుడు వెళ్లిపోయాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని హోలీవెల్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు.

దావీదు మందిర సేవకు గాయకులను ఏర్పాటు చేసిన వివరం మొదటి దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయంలో ఉంది. అక్కడ 288 మంది ఉన్నారు. వంతుల కోసం చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద తేడా చూడలేదు, గురువును, శిష్యుణ్ని వేరుచేయలేదు. అంటే, నేర్పేవాడి పక్కనే నేర్చుకునేవాడికీ దేవుని మందిరంలో చోటుంది. ఇంకా నేర్చుకుంటున్నాడు కదా అని వాడిని బయట నిలబెట్టలేదు.

మరి మన సంఘాల్లో? ఆరాధన అయ్యాక కీబోర్డు దగ్గరకు వచ్చి, ఎవరూ చూడకుండా ఒక మెట్టు నొక్కి చూసే పిల్లవాడు ప్రతి చర్చిలోనూ ఉంటాడు. పాడైపోతుందని కసిరి పంపేవారే ఎక్కువ. లేదా పండుగనాడు పాడించి, చప్పట్లు కొట్టి, మరునాడు వాడి చదువు సంగతి మరచిపోతాం. ఆ బాలుడి చేతుల్లో ఏముందో మనకు తెలియదు. దేవునికి తెలుసు. ఆ సంగతి తేలాలంటే వాడికి ఇల్లు విడిచి వచ్చిన చోట ఒక గురువు కావాలి, ఫీజు కట్టే ఒక మరియా హాకెట్ కావాలి, ఒక ఆదివారం లేచి పీట ఖాళీ చేసి కూర్చోమనే ఒక పెద్దమనిషి కావాలి. స్టేనర్ చివరిదాకా ఒంటి కంటితోనే జీవించాడు. కానీ చిన్నప్పటి నుంచి ఆయన కోసం చూసిన కళ్లు చాలా ఉన్నాయి. మన కళ్లు ఈ ఆదివారం ఏ బిడ్డ మీద పడతాయో!