సర్దార్ పటేల్ : పాత కరీంనగర్ జిల్లా నుండి చూస్తే

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17 దగ్గర పడిందంటే మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో సర్దార్ పటేల్ గారి పేరు మళ్ళీ వినపడుతుంది. ఆ రోజును రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమని జరిపింది. 2024లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినమని ప్రకటించింది. అదే 2024లో రాష్ట్రం వారు ప్రజాపాలన దినమన్నారు. మన పెద్దలకు ఈ పేర్లేవీ తెలియవు. వాళ్ళు దానిని పోలీస్ ఆక్షన్ అనే అన్నారు. అంతకుమించి అడిగితే మాట మార్చేవారు.

పటేల్ గారి విషయంలో మన వద్ద రెండు రకాల మాటలే నడుస్తుంటవి. కొందరికి ఆయన ఉక్కు మనిషి, ఆయన చేసిన పనిని ప్రశ్నించినవాడు దేశద్రోహి. మన ఇండ్లలో మరికొందరికి ఆయన పేరే గిట్టదు. రెండు పక్షాలలోనూ ఆయన జీవితాన్ని చదివినవారు తక్కువ. అందుచేత ఈ సంచికలో ఆయన కథను మొదటి నుండి చెప్పి, చదువుతుండగా మాకు తట్టిన ఒక ప్రశ్నను పాఠక సోదరుల ముందు పెట్టదలచినాము.

వల్లభభాయి పటేల్ గారు గుజరాతులోని నడియాద్‌లో పుట్టినారు. తారీఖు 1875 అక్టోబరు 31. స్వగ్రామం కరంసద్, తండ్రి ఝవేర్‌భాయి గారు వ్యవసాయదారు. మెట్రిక్ పాసయ్యేసరికి ఇరవై రెండేండ్లు నిండినవి. పెద్ద కాలేజీకి పోయే తాహతు లేక, ఇతరుల దగ్గర పుస్తకాలు అడిగి తెచ్చుకొని ప్లీడరు పరీక్ష పాసయినారు. గోధ్రాలో, బోర్సద్‌లో క్రిమినల్ కేసుల వకీలుగా పేరు తెచ్చుకున్నారు. సీమకు పోయి బారిస్టరు చదవాలని డబ్బు కూడబెట్టి, కాగితాలు సిద్ధం చేసుకుంటే, అవి అన్నగారి చేతిలో పడినవి. ఇద్దరి పేర్లకూ ఇంగ్లీషులో మొదటి అక్షరాలు ఒకటే. పెద్దవాణ్ణి నేను, ముందు నేను పోతానని విఠల్‌భాయి గారు అడిగితే తమ్ముడు సరేనన్నారు. పైగా అన్న కుటుంబం ఖర్చు కూడా తానే మోసినారు. మన ఇండ్లలో అన్నదమ్ములు ఇంటి గోడ దగ్గర పంచాయితీలు పెట్టుకునే ఈ రోజులలో ఈ సంగతి ఒకసారి చెప్పుకోదగినది.

1909లో భార్య ఝవేర్‌బా గారు బొంబాయి ఆసుపత్రిలో చనిపోయినప్పుడు ఆయన కోర్టులో సాక్షిని ప్రశ్నిస్తున్నారు. తంతి వచ్చింది. చదివి జేబులో పెట్టుకొని, ప్రశ్నలు పూర్తి చేసిన తరువాతనే సంగతి బయట చెప్పినారు. మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. ఈ మనిషిని అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క సంగతి చాలు. లోపల ఏమున్నా బయటికి రానిచ్చే మనిషి కాడు.

1910లో సీమకు పోయి, మూడేండ్ల చదువును రెండున్నరేండ్లలో ముగించి 1913లో తిరిగి వచ్చినారు. అహమ్మదాబాదులో కోటు, బూటు, క్లబ్బులో పేకాట. గాంధీజీ గురించి మొదట వెక్కిరింతగానే మాట్లాడేవారట. 1918లో ఖేడా జిల్లాలో పంటలు పోయి, సర్కారు శిస్తు కోసం పీడించినప్పుడు రైతుల పక్షాన దిగినారు. అక్కడితో ఆ వేషం పోయింది. 1924 నుండి నాలుగేండ్లు అహమ్మదాబాదు మునిసిపాలిటీ అధ్యక్షులుగా ఉండి మురుగు కాలువలు, మంచినీళ్ళ పనులు చూసుకున్నారు.

ఇక బార్డోలీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలె, ఎందుకంటే మా ప్రశ్న అక్కడినుండే పుట్టింది.

సూరత్ జిల్లాలో బార్డోలీ ఒక తాలూకా. 1927లో బొంబాయి సర్కారు అక్కడ భూమి శిస్తును 22 శాతం పెంచింది. ఆ పెంపును సిఫారసు చేసిన అధికారి ఊర్లు సరిగా తిరగకుండానే లెక్క కట్టినాడని రైతుల ఫిర్యాదు. వాళ్ళు పటేల్ గారిని పిలిపించుకున్నారు. ఆయన పెట్టిన కోరిక చూడండి. శిస్తు మాఫీ చేయమనలేదు. నిష్పక్షపాతంగా విచారణ జరిపించండి, లేదా పాత శిస్తు తీసుకోండి, అంతవరకు దమ్మిడీ కట్టమన్నారు. సర్కారు భూములు జప్తు చేసింది, బర్రెలను తోలుకపోయింది. జప్తుకు భయపడి జనం బర్రెలతో సహా ఇండ్లలో ఉండి పగలంతా తలుపులకు తాళాలు వేసుకున్నారు. ఈ పోరాటంలో అబ్బాస్ త్యాబ్జీ గారు, ఇమాం సాహెబ్ అబ్దుల్ ఖాదిర్ బావజీర్ గారు పటేల్ గారి పక్కన నిలబడి పని చేసినారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలె.

1928 ఆగస్టులో సర్కారు దిగివచ్చి విచారణకు ఒప్పుకుంది. విచారణకు వచ్చిన ఇద్దరూ తెల్లదొరలే. అందులో ఒకరు బ్రూంఫీల్డ్, 1922లో గాంధీజీకి ఆరేండ్ల శిక్ష వేసిన జడ్జీ. ఆ ఇద్దరు ఊరూరూ తిరిగి, రైతులను అడిగి, 22 శాతం అన్యాయమని, 6 శాతం చిల్లర మాత్రమే న్యాయమని తేల్చినారు. సొంత సర్కారుకు వ్యతిరేకంగా వాళ్ళు రాసిన ఆ కాగితాన్ని సర్కారు ఒప్పుకోక తప్పలేదు. వల్లభభాయి గారికి సర్దార్ అనే పేరు వచ్చింది ఈ గెలుపుతోనే. మరొకమాటలో చెప్పాలంటే, ఊర్లు తిరిగి నిజం రాసిన ఒక విచారణ ఆయనను సర్దారుగా నిలబెట్టింది.

తరువాతి పదిహేనేండ్లు జైళ్ళు, కాంగ్రెసు పనులు. 1931లో కరాచీ కాంగ్రెసుకు అధ్యక్షులు. 1932లో యెరవాడ జైలులో గాంధీజీ తోటి ఖైదీ. 1942 నుండి 1945 వరకు మళ్ళీ జైలు. 1946లో ఎక్కువ రాష్ట్ర కాంగ్రెసు కమిటీలు అధ్యక్ష పదవికి ఆయన పేరే పంపినా, గాంధీజీ మాట మీద నెహ్రూ గారికి దారి ఇచ్చినారు. అన్నకు టికెట్టు ఇచ్చిన మనిషే మరి.

స్వాతంత్ర్యం వచ్చినాక ఉప ప్రధాని, హోం మంత్రి, సంస్థానాల మంత్రి. అయిదు వందలకు పైబడిన సంస్థానాలను కలపడం ఆయన, వి.పి. మీనన్ గారు చేసిన పని. దాని గొప్పతనాన్ని మేము కాదనడం లేదు. అది జరగకపోతే దేశం ముక్కచెక్కలయ్యేది.

ముస్లింలతో ఆయన నడత గురించి మాత్రం లెక్క ఒక పక్కకే తూగదు. 1947 సెప్టెంబరులో ఢిల్లీ మండుతున్నప్పుడు ఆయనే స్వయంగా హజ్రత్ నిజాముద్దీన్ దర్గాకు పోయి, దానికి ఏమీ కాకూడదని పోలీసులకు తాకీదు చేసినారు. ఆ నెలాఖరులోనే అమృత్‌సర్ పోయి, పాకిస్తాన్ వెళ్ళే ముస్లిం కాందిశీకులకు దారి ఇవ్వమని సిక్కు సోదరులను ఒప్పించ చూసినారు. అయితే 1948 జనవరిలో లక్నోలో మాట్లాడుతూ, ముస్లింలు తమ విధేయతను నోటితో చెబితే చాలదు, చేతలతో రుజువు చేయాలన్నారు. ఎవరో కొందరి రాజకీయాలకు ఊర్లో మగ్గం నేసేవాడు, రిక్షా తొక్కేవాడు ఎందుకు రుజువు చూపాలె? ఢిల్లీలో ముస్లింల రక్షణ విషయంలో ఆయన అలక్ష్యం చేసినారని మౌలానా ఆజాద్ గారు తన పుస్తకంలో గట్టిగానే రాసినారు. గాంధీజీ హత్య తరువాత అయిదు రోజులకు, ఫిబ్రవరి 4న, ఆర్.ఎస్.ఎస్.ను నిషేధించింది ఈ పటేల్ గారి శాఖే. మరుసటి సంవత్సరం ఆ నిషేధం ఎత్తివేసినారు.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాము. ఇక్కడ మన తప్పులు మనం దాచుకోగూడదు. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు చేసిన దుర్మార్గాలకు మన జిల్లాయే సాక్షి. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు గారిని, ఆయన సహచరులను మహమ్మదాపూర్ వద్ద కాల్చి చంపింది ఆ రాజ్యంలోనే. ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్ గారిని హైదరాబాదులో నరికి చంపినారు. ఆయన ఇమ్రోజ్ పత్రిక సంపాదకులు, నమాజీ ముస్లిం, భారత్‌లో కలవమని రాసినందుకే ప్రాణం పోయింది. ముస్లింలందరూ రజాకార్లే అనేవారికి ఆయన సమాధి ఒక జవాబు.

1947 నవంబరు 29న నిజాంతో ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. అది సరిగా నడవలేదు. పటేల్ గారు ఫౌజు పంపవలసిందే అన్నారు. 1948 సెప్టెంబరు 13న ఫౌజు కదిలింది, 17న నిజాం లొంగిపోయినాడు. అయిదు రోజుల పని. ఇంతవరకు అన్ని పుస్తకాలలో ఉన్నదే.

లేనిది ఆ తరువాతది. ఫౌజు వచ్చిన వెనుక కొన్ని జిల్లాలలో ముస్లింల మీద నరమేధం జరిగింది. కబుర్లు ఢిల్లీకి చేరినవి. నెహ్రూ గారి చొరవతో పండిట్ సుందర్‌లాల్, పయాం పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్ల బృందం నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలో తిరిగింది. పదహారు జిల్లాలలో తొమ్మిది చూసినారు. తాము పోలేని 109 గ్రామాల మనుషులను కూడా పిలిపించి విన్నారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుండి 40 వేల మంది చచ్చిపోయినారని రాసినారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో. మన తెలంగాణ జిల్లాలలో అంత లేదు. కొన్ని చోట్ల ఫౌజు, పోలీసు మనుషులే లూటీలలో పాల్గొన్నారని, మరికొన్ని చోట్ల ఫౌజే ముస్లింలను కాపాడిందని, రెండూ రాసినారు.

ఆ నివేదికను పటేల్ గారు ఒప్పుకోలేదు. అటువంటి బృందాన్ని ప్రభుత్వం పంపనే లేదని, రజాకార్లు అంతకుముందు చేసినదానిని వీళ్ళు పట్టించుకోలేదని ఆయన వాదన. అది అచ్చు కాలేదు. 

మా ప్రశ్న ఇదే. తెల్లదొరల విచారణనే నమ్మి 22 శాతాన్ని 6కు దింపించిన మనిషి, ఇరవై ఏండ్ల తరువాత తన చేతిలో అధికారం ఉన్నప్పుడు, ఊర్లు తిరిగి వచ్చిన విచారణను ఎందుకు పక్కన పెట్టినారు? నివేదిక ఒకవైపు మొగ్గిందని అనుకుంటే రెండవ విచారణ వేయవచ్చు గదా? రజాకార్లు చంపినవాళ్ళను, వాళ్ళ తరువాత చచ్చినవాళ్ళను కలిపి ఒకే పుస్తకంలో రాయించవచ్చు గదా? దేశం అప్పుడే కుదుట పడుతున్నది, ఈ లెక్కలు బయటపడితే మళ్ళీ మంటలు లేస్తాయని భయపడినారని కొందరు సమర్థిస్తారు. ఆ భయంలో కొంత నిజం ఉండవచ్చు. కాని బార్డోలీలో సర్కారు కూడా ఇటువంటి సాకులే చెప్పింది, పటేల్ గారు వినలేదు.

1949 ఫిబ్రవరిలో ఆయన హైదరాబాదుకు వస్తే నిజాం స్వయంగా బేగంపేట విమానాశ్రయానికి పోయి చేతులు జోడించి స్వాగతం చెప్పినాడు. 1950 జనవరి 26 నుండి రాజప్రముఖుడయినాడు, ఏటా 50 లక్షల రాజభరణం. రాజు సంగతి అట్లా కుదిరింది. ఉద్యోగం పోయిన గుమాస్తా, ఉర్దూ తప్ప మరో అక్షరం రాని కచ్చేరీ నౌకరు మాత్రం బజార్న పడినారు. ఉస్మానియాలో సాగిన ఉర్దూ బోధన ఆగిపోయింది. జాగీర్లు రద్దు కావడం మంచిదే, పేద రైతు బతికినాడు. కాని ఆ మార్పులో తప్పేమీ చేయని చిన్నవాళ్ళ సంగతి చూసే నాథుడు లేకపోయినాడు. మన సంక్షేమ సంఘాలు ఈనాటికీ ఫీజుల కోసం, పెండ్లిళ్ళ కోసం చందాలు పోగు చేస్తున్నవంటే, మన పిల్లలు గల్ఫు దేశాలకు పోతున్నారంటే, కారణాల జాబితాలో ఆ సంవత్సరం కూడా ఒక పక్కన ఉంటుంది.

అదే 1949 మే నెలలో, పటేల్ గారి అధ్యక్షతన ఉన్న మైనారిటీల కమిటీ చట్టసభలలో మతాన్ని బట్టి సీట్ల రిజర్వేషను వద్దని తేల్చింది. బేగం ఐజాజ్ రసూల్ గారి వంటి ముస్లిం సభ్యులు కూడా దానికి ఒప్పుకున్నారు గనుక ఈ విషయంలో ఒక్క ఆయననే తప్పుపట్టడం న్యాయం కాదు. మత స్వేచ్ఛ, సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు రాజ్యాంగంలో చేరినదీ ఆ కమిటీ దారినే.

1950 డిసెంబరు 15న పటేల్ గారు బొంబాయిలో చనిపోయినారు. పెద్ద ఆస్తి ఏమీ మిగల్చలేదు. 2018లో నర్మద ఒడ్డున ఆయనకు 182 మీటర్ల విగ్రహం నిలిపినారు. అంతకు అయిదేండ్ల ముందు, 2013లో, సుందర్‌లాల్ నివేదిక ఢిల్లీలో చదువరులకు అందుబాటులోకి వచ్చింది, అచ్చయి కూడా వచ్చింది. అరవై అయిదేండ్లు పట్టింది.

అందులో చావుల లెక్కలు మాత్రమే లేవు. ముస్లింలను హిందూ సోదరులు ఇండ్లలో దాచిన సంగతులు ఉన్నవి. ఒకే వృత్తి చేసేవాళ్ళ మధ్య ఈ ఆపేక్ష మరీ ఎక్కువ కనిపించిందని, కొన్నిచోట్ల హిందూ నేతగాండ్లు ముస్లిం నేతగాండ్లకు అడ్డం నిలబడి తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని ఆ ముగ్గురు రాసినారు. మగ్గం మీద బతికే సిరిసిల్లలో ఈ మాట 1949లోనే చదివి ఉండవలసింది. నివేదికను మూలకు పెట్టినప్పుడు చంపినవాళ్ళ సంగతితో పాటు ఆ నేతగాండ్ల సంగతి కూడా మూలన పడింది.