ఊపిరిని కాచిన రూపాబాయి

మిట్టేమరి మొదలుగా బాగేపల్లి, చింతామణి సీమల నుండి పొట్టకూటికై పట్నాలు చేరిన మన తెలుగు కుటుంబాలలో నర్సింగు చదివే ఆడపిల్లలు ఈనాడు పలువురున్నారు. మా ఇంటి పిల్ల ఒకతె ఆపరేషను గదిలో మత్తుమందు ఇచ్చే విద్య నేర్చుకుంటానన్నది. నిండు ప్రాణంతో వ్యవహారము, ఆడపిల్లకెందుకని పెద్దలు అడ్డు చెప్పారు. అందుకే ఈ ఉగాదికి మేము రూపాబాయి ఫర్దూన్‌జీ గారిని స్మరించుకుంటున్నాము. ప్రపంచంలో మత్తుమందు వైద్యురాండ్రలో ఆమెనే మొదటివారుగా చెబుతారు.

ఆమె హైదరాబాదు పార్సీ ఆడపడుచు. 1885లో అక్కడి వైద్య పాఠశాలలో ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ దొర స్త్రీలను చేర్చుకొనగా, చేరిన అయిదుగురిలో ఆమె ఒకరు. 1889లో హకీము పట్టా పుచ్చుకున్నారు.

ఆ రోజులలో శస్త్రచికిత్సకు క్లోరోఫారం వాడేవారు. గుడ్డపై చుక్కలు వేసి రోగిచేత పీల్పించేవారు. కొందరు బల్లమీదనే కన్నుమూసేవారు. ముందు ఆగేది గుండెయా, ఊపిరియా అని వైద్యులలో పెద్ద వివాదము. దానిని తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. రెండవదానికి ఇంగ్లండు నుండి నిపుణుని రప్పించడానికి ఆరవ నిజాము వేయి పౌండ్లు ఇచ్చారు. ఆ పరిశోధనలలో రూపాబాయి గారు పాల్గొన్నారు. మత్తు ఇచ్చేవారు ఊపిరినే కనిపెట్టి ఉండాలని కమిషను తేల్చింది. తేలిక మత్తులో గుండె కూడా ఉన్నట్టుండి ఆగవచ్చునని 1911లో ఇంగ్లండులో లీవీ అనే వైద్యుడు చూపాడు. కనుక ఆ తీర్పు సంపూర్ణము కాదు. అయినా ఊపిరిని కనిపెట్టమన్న పాఠము నేటికీ నిలిచి ఉన్నది.

రూపాబాయి గారు హైదరాబాదు ఆసుపత్రులలో మత్తుమందు ఇస్తూ పేరు పొందారు. అంతటితో తృప్తిపడలేదు. పట్టా పొందిన ఇరవై ఏండ్లకు, 1909లో, ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించారు. ఆవిరుల గుణము తెలియనిదే మత్తు మోతాదు తెలియదు గదా! 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా ఉద్యోగ విరమణ చేశారు.

ఆమె వైద్యురాలు. నర్సులలో అమెరికాకు చెందిన ఆలిస్ మగా 14,000 మందికి పైగా మత్తు ఇచ్చి, మత్తువల్ల ఒక్క ప్రాణమూ పోలేదని 1906లో ప్రకటించింది. మన దేశంలో ఈ బాధ్యత వైద్యులదే. అమెరికాలో నర్సులకూ దారి ఉన్నది: నాలుగేండ్ల నర్సింగు డిగ్రీ, అక్కడి లైసెన్సు, ఐ.సి.యు.లో కనీసం ఒక ఏడాది అనుభవము, ఆపైన సుమారు మూడేండ్ల చదువు. 2022 నుండి కొత్తగా చేరేవారికి అది డాక్టరేటు స్థాయి చదువు.

దూరపు ప్రయాణికుడు మారవలసిన జంక్షన్లు ముందే వ్రాసుకోవాలని రైల్వే గుమాస్తాలమైన మాకు తెలుసు. మా పిల్ల కూడా వ్రాసుకున్నది. పెద్దలు ఆశీర్వదించడమే తరువాయి.