రిచీ గింథర్: కారు తోకకు రేకు కట్టిన మెకానిక్

హైదరాబాదునుండి హనుమకొండకు పోవు రహదారి మన స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతముమీదుగా సాగుచున్నది. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఆ దారి చెంత కొంతసేపు నిలిచినవారికి, వెనుక డిక్కీమీద రెక్కవంటి పలక బిగించిన కార్లు ఒకటి రెండైనను కనబడకపోవు. కొన్నింటికి ఆ పలకను కర్మాగారముననే అమర్తురు. కొన్నింటికి యజమానులు తరువాత దుకాణమున కొని బిగించుకొందురు. దానికి స్పాయిలర్ అని పేరు. అది అందమునకా, వేగమునకా అని మా పై తరగతుల బాలురు మమ్మడుగుచుందురు. ఈ ప్రశ్నకు సూత్రములు వల్లించుటకంటె, ఆ పలకను పందెపు కారు వెనుక మొట్టమొదట నిలిపినవాడని పేరుగన్న మనుష్యుని చరిత్రము చెప్పుట మేలని మాకు తోచినది.

అతని పేరు పాల్ రిచర్డ్ గింథర్. లోకమతనిని రిచీ అని పిలిచెను. 1930వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. సన్నని పొట్టి దేహము, పొట్టిగా కత్తిరించిన ఎర్రని జుట్టు, ముఖమునిండ చిన్న చిన్న మచ్చలు. చూచినవారికి పందెగాడని తోచదు. తండ్రి డగ్లస్ విమాన సంస్థలో పని చేయుచుండెను. 1948లో చదువు ముగియగానే రిచీయు అచ్చటనే పనిముట్లు, అచ్చులు తయారుచేయు విభాగమున చేరెను. పగలు విమానముల పని, రాత్రి పాత కార్ల మరమ్మతు. ఇది అతని యౌవనము.

రిచీ అన్నకు ఫిల్ హిల్ అను స్నేహితుడుండెను. ఈ హిల్ కారు పందెములయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. అతని సాంగత్యముననే రిచీ పందెముల త్రోవ పట్టెను. 1951లో పెబుల్ బీచ్ అను చోట మొదటిసారి పందెమున పాల్గొనెను గాని, అంతలోనే కొరియా యుద్ధకాలపు నిర్బంధ సైనిక సేవ వచ్చిపడెను. రెండేండ్లు సైన్యమున విమానములను, వాని ఇంజనులను బాగుచేయు పని నేర్చెను. ఆ రెండేండ్లు వ్యర్థమైనవని ఆనాడతడు తలచియుండవచ్చును. అవి వ్యర్థము కాలేదు.

సైన్యమునుండి తిరిగివచ్చిన 1953లోనే హిల్ అతనిని మెక్సికో దేశపు మహా రహదారి పందెమునకు తోడు తీసికొనిపోయెను. కొండలు, లోయలు, ఎడారులు దాటుచు సుమారు 3,000 కిలోమీటర్లు సాగు పందెమది. హిల్ తోలువాడు, గింథర్ ప్రక్కన కూర్చుండు మెకానిక్. ఆ యేడు ఒక మలుపున కారు దారి తప్పి పడి పూర్తిగా పాడైపోయెను. వారిద్దరును మాత్రము క్షేమముగా బయటపడిరి. మరుసటి యేడు మరల పోయి రెండవ స్థానము గెలిచిరి. ఆ వెనుక గింథర్ తానే సిద్ధము చేసికొన్న ఆస్టిన్ హీలీ కారుతోను, తరువాత కాలిఫోర్నియాలోని ఒక వ్యాపారి పోర్షే, ఫెరారీ కార్లతోను పందెములు నడపెను. 1960లో ఇటలీ దేశపు ఫెరారీ సంస్థ అతనిని పిలిచెను. అచ్చట అతని ముఖ్యమైన పని పందెము గెలుచుట కాదు. క్రొత్తగా నిర్మించిన కార్లను తోలి, వానిలోని దోషములను కనిపెట్టి ఇంజనీర్లకు చెప్పుట.

ఇచ్చట కథను కొంచెము నిలిపి గాలిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఎండాకాలమున గాలిదుమారము లేచినపుడు మన పల్లెలలో ఇంటి రేకులు ఎగిరిపోవుట పిల్లలందరును చూచినదే. గాలి క్రిందినుండి దూరి ఎత్తుటవలననే రేకు లేచినదని అనేకులు తలతురు. అదియు కొంత నిజమే. కాని కప్పుమీద వేగముగా సాగిపోవు గాలికి అచ్చట ఒత్తిడి తగ్గి, లోపలి ఒత్తిడి రేకును పైకి నెట్టుట మరియొక కారణము. కారు పైభాగమును వంపు తిరిగిన కప్పువంటిదే. వేగము హెచ్చినకొలది గాలి దానిని పైకెత్తజూచును. వెనుక చక్రములమీద బరువు తగ్గును. టైర్లు నేలను పట్టువిడుచును. మలుపున తోక ప్రక్కకు జారును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున తోక జారినచో తోలువాని గతి వేరుగా చెప్పనక్కరలేదు.

1961 ప్రారంభమున ఫెరారీవారు 246 ఎస్.పి. అను పందెపు కారు నిర్మించిరి. ఇంజను తోలువాని వెనుక నుంచిన వారి మొదటి స్పోర్ట్స్ కారు ఇదియే. పేరులో 24 అనగా 2.4 లీటర్ల ఇంజను. 6 అనగా సిలిండర్ల సంఖ్య. కార్లో కీటి అను ఇంజనీరు గాలి సొరంగమున నమూనాలను పరీక్షించి, దాని వెనుక భాగమును ముందటి అద్దమంత ఎత్తుగా తీర్చెను. కాగితముమీద అంతయు సరిగానే యుండెను. దారిమీద మాత్రము రెండు చిక్కులు పుట్టెను. వెనుకకు పోవలసిన పొగ సుడి తిరిగి తోలువాడు కూర్చుండు చోటికే వచ్చుచుండెను. అధిక వేగమున కారు వెనుక భాగము తేలికపడి నిలకడ తప్పుచుండెను.

పరీక్షా పరుగులు చేయుచున్న గింథర్‌కు విమానముల నాటి పని జ్ఞప్తికి వచ్చెను. విమానపు రెక్క అంచున చిన్న పలక కొంచెము పైకి లేచినచో గాలి పోకడ ఎంత మారునో అతడు చేతులతో పనిచేసి తెలిసికొన్నవాడు. అందుచేత కారు తోక చివర, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు, సన్నని రేకును నిలువుగా బిగించి చూడుడని చెప్పెను. రేకు కోసి బిగించిరి. పొగ బాధ తీరుటకు వేసిన ఆ రేకుతో అంతకంటె గొప్ప మేలు కనబడెను: కారు వెనుక భాగము నేలకు అదిమినట్లు నిలిచెను. తోకమీద సాగివచ్చు గాలి ఆ రేకువద్ద నెమ్మదించి, దాని ముందున్న భాగముమీద ఒత్తిడి పెరిగి, పైకెత్తు బలము తగ్గుటయే ఇందలి మర్మము.

ఇతర సంస్థలవారు ఈ రేకు ఏలయని అడుగగా, పెట్రోలు పోయునపుడు చుక్కలు వేడి పొగగొట్టములమీద పడకుండుటకని ఫెరారీవారు బదులు చెప్పిరట. ఆ మాటను నమ్మినవారెందరో! ఆ కారే ఆ యేడు సిసిలీ ద్వీపపు టార్గా ఫ్లోరియో పందెము గెలిచెను. 1962లో వచ్చిన 250 జి.టి.ఓ. కార్లలో మొదటివానికి ఇట్టి రేకునే వేరుగా చేసి బిగించిరి. తరువాతివానికి దానిని దేహముతో కలిపివేసిరి. స్పాయిలర్ అను పేరును విమానములనుండి వచ్చినదే. రెక్కకుగల ఎత్తు బలమును చెరచునది గనుక దానికా పేరు.

ఇప్పుడు మా బాలుర ప్రశ్నకు వత్తుము. గాలి బలము వేగముతో సమానముగా పెరుగదు. వేగపు వర్గముతో పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఉన్న బలము 160 కిలోమీటర్లకు నాలుగింతలు గాక పదునారింతలగును. కావున జనగామ బజారులో మెల్లగా పోవు కారుకు స్పాయిలర్ చేయు మేలు లెక్కింపదగినది కాదు. అందమునకనియే చెప్పవలెను, అందము కోరుట తప్పనియు మేమనము. పాత స్పోర్ట్స్ కార్ల సంగతి వేరు. ఆనాటి కార్లకు వేగముండెను గాని, గాలి విషయమై నేటి జ్ఞానము లేకుండెను. పోర్షేవారి 911 కారు తోకన ఇంజను గలదైనను, అధిక వేగమున దాని వెనుక భాగము తేలికపడుచుండెను. 1972లో కారెరా ఆర్.ఎస్. 2.7 అను రకమునకు బాతు తోకవలె పైకి లేచిన డిక్కీ మూతను అమర్చి ఆ దోషమును తగ్గించిరి. అంతకు ముందటి 911 కార్ల యజమానులు నేటికిని అట్టి మూతలు కొని తమ కార్లకు అమర్చుకొనుచున్నారు.

అట్లమర్చుకొనువారు మరువరానివి కొన్ని కలవు. వెనుక మాత్రమే అదిమినచో ముక్కు తేలికపడి, స్టీరింగు త్రిప్పినను కారు తిన్నగా పోజూచును. అందుచేతనే ఆ పోర్షే కారుకు ముందువైపు క్రింది అంచునను పెదవివంటి పలక నుంచిరి. డిక్కీ రేకు పలుచనిది. కేవలము జిగురుతో అంటించినను, అడుగున గట్టి పట్టీ లేకుండ రెండు బోల్టులు బిగించినను, గాలి దెబ్బకు అది నిలువదు. రంధ్రములు వేసిన చోట రంగు పూసి నీరు దిగకుండ మూయనిచో, రెండు వానాకాలములలో త్రుప్పు పట్టి పాత కారు విలువయే పోవును. మనదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము కూడ ఉన్నది. రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని అది శాసించుచున్నది. ఏదియైనను బిగించుటకు ముందు రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట క్షేమము.

బిగింపు ఎంత ముఖ్యమో 1969లో స్పెయిన్ దేశమున బార్సిలోనాలోని పందెమున లోకమునకు తెలిసెను. గింథర్ చిన్న రేకు అప్పటికి పొడుగాటి కాళ్లపై నిలిచిన పెద్ద రెక్కగా పెరిగియుండెను. ఆ దినమున ఒకే సంస్థకు చెందిన రెండు కార్ల రెక్కలు, ఒకదాని వెనుక నొకటి, వేగమున విరిగిపోయెను. గ్రాహమ్ హిల్, యోఖెన్ రింట్ అను ఇరువురి కార్లును గుద్దుకొని నుజ్జయ్యెను. రింట్ ముఖమునకు గాయమయ్యెను. తరువాతి పందెముననే అట్టి ఎత్తైన రెక్కలను నిషేధించిరి.

ఈ గ్రాహమ్ హిల్ కొంతకాలము గింథర్‌కు తోటి పందెగాడు. 1961 సెప్టెంబరు 10న మాంజా పందెమున ఫెరారీ పందెగాడు ఫాన్ ట్రిప్స్‌యు, పదునైదుగురు ప్రేక్షకులును దుర్మరణము పాలైరి. ఆ దినముననే ఫిల్ హిల్ ప్రపంచ విజేత ఆయెను. అట్టి విజయమున సంతోషించువారెవరు? ఆ యేటి చివర కీటి మొదలైన ముఖ్యులు ఫెరారీని విడిచిరి. గింథర్ ఇంగ్లండుకు పోయి బి.ఆర్.ఎమ్. సంస్థలో చేరెను. 1963లో గ్రాహమ్ హిల్‌తో సమానముగా 29 పాయింట్లు పొంది ప్రపంచ పోటీలో మూడవవాడుగా నిలిచెను. ఆ యేడే వారిద్దరును గ్యాస్ టర్బైనుతో నడచు రోవర్ కారును లె మాన్స్ పందెమున ఇరువదినాలుగు గంటలు సగటున గంటకు సుమారు 173 కిలోమీటర్ల వేగమున నడపిరి. ప్రయోగముగా వచ్చినది గనుక దానికి 00 అను సంఖ్య నిచ్చిరి.

గింథర్‌ను గూర్చి ఒక నింద కలదు. రెండవ స్థానములే గాని మొదటి స్థానము లేనివాడని. మోనాకోలో 1961న స్టర్లింగ్ మాస్ వెంట చివరివరకు తరిమి, నాలుగు సెకన్లకు లోపుగా వెనుకబడెను. ఆ నింద 1965 అక్టోబరు 24న మెక్సికో నగరమున తీరెను. అతడప్పుడు జపాను దేశపు హోండా సంస్థకు తోలుచుండెను. ఆ నగరము సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. పలుచని గాలిలో ఇంజనుకు పెట్రోలు ఏ పాళ్లలో అందవలెనో హోండావారు ఓపికతో సరిచేసిరి. గింథర్ మొదటి చుట్టుననే ముందుకు దూకి 65 చుట్లును ముందుండియే ముగించెను. డాన్ గర్నీ మూడు సెకన్ల లోపున వెనుకవచ్చెను. హోండాకు ఫార్ములా వన్ పందెములలో అది తొలి గెలుపు. గుడ్‌ఇయర్ టైర్లకును అదియే తొలి గెలుపు. గింథర్‌కు అదియొకటే గెలుపు. ఆ కారు తోకకు రేకు లేదు, రెక్క లేదు.

1966లో మాంజావద్ద హోండా కారు టైరు విడిపోయి చెట్లలోనికి దూసికొనిపోయినను ప్రాణములు దక్కెను. 1967లో పందెములు మానుకొనెను. కొన్నాళ్లు ఇతరుల కార్లు సిద్ధపరచుచు, చిన్న పందెపు జట్టు నడపెను. పిమ్మట నగరములు విడిచి, వాహనమునే ఇల్లుగా చేసికొని మెక్సికో దేశపు బాహా ప్రాంతమున సంచరించెను. 1989 సెప్టెంబరు 20న కుటుంబముతో ఫ్రాన్సు దేశమున విహరించుచుండగా గుండె నిలిచి మరణించెను. అప్పటికతని వయస్సు 59 సంవత్సరములు. అతనిని పందెముల త్రోవ పట్టించిన ఫిల్ హిల్ 2008 వరకు జీవించెను.